లైసెన్సు లేని మొదటి కుండ

ఐదువేల ఏళ్ల కిందట ఒకావిడ అనుమతి లేకుండా బీరు కనిపెట్టిందని ఎక్సైజు శాఖకు ఫిర్యాదు అందడంతో, విచారణకు ఇన్‌స్పెక్టరు మజ్జి రామజోగిని పంపించారు. ఫిర్యాదు మట్టిపలక మీద ఉంది. మేకులు గుచ్చినట్టున్న అక్షరాలతో రెండువైపులా రాసి ఉంది. ఇన్‌వర్డు సెక్షన్‌లో రబ్బరు ముద్ర దానిమీద పడకపోతే, తడిపి మెత్తబరిచి, ముద్ర గుద్ది, క్యాంటీను పొయ్యి మీద మళ్లీ కాల్చారు. ఇంత ఆలస్యంగా ఎందుకు చేరిందని వాకబు చేస్తే చిరునామాలో పిన్‌కోడు లేదని తేలింది. అయినా ఇబ్బందేమీ లేదు. ఫిర్యాదు అందిన ముప్పై రోజుల్లోగా చర్య తీసుకోవాలన్నది నిబంధన. నేరం జరిగిన ముప్పై రోజుల్లోగా అని ఎక్కడా లేదు. కాబట్టి ఇంకా ఇరవై ఎనిమిది రోజులు చేతిలో ఉన్నాయి.

రామజోగికి యాభై ఆరేళ్లు. ఏజెన్సీ గూడేల్లో నాటుసారా ఊట కుండలు పగలగొట్టడంలో జిల్లా మొత్తమ్మీద ఆయనంతటివాడు లేడని పేరు. కుండ మెడకింద నాలుగు వేళ్లు వదిలి ఎక్కడ తగిలించాలో ఆయన కర్రకి తెలుసు. ఒక్కటే దెబ్బ. రెండోది కొట్టవలసి వచ్చినట్టు రికార్డులో లేదు. కుండ పక్కన నిలబడ్డ ఆడమనిషి పేరు ప్రతిసారీ అడిగేవాడు, కాగితంలో గడి నింపడానికి. రాసుకున్న వెంటనే మరిచిపోయేవాడు. చెడ్డవాడు కాదు. అన్ని పేర్లూ గుర్తుంచుకుంటే అన్నం సయించదని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే తెలుసుకున్న మనిషి, అంతే. తాను మాత్రం చుక్క ముట్టి ఎరగడు.

ఆ ఊరికి రోజుకి ఒకటే బస్సు. పొద్దున్న ఏడింటికి బయలుదేరి, ఘాట్‌రోడ్డు దాటాక కుడివైపు తిరిగి, కంకర రోడ్డు మీదుగా ఏళ్ల వెనక్కి పోతుంది. రామజోగికి తోడుగా కానిస్టేబులు పైడిరాజు వచ్చాడు. "ఐదువేల దగ్గర రెండు కొట్టండి," అని టిక్కెట్లు తీసుకున్నది అతనే. ఏడువందల దగ్గర ఒక ముసలాయన కోళ్లగంపతో దిగిపోయాడు. రెండువేల దగ్గర టీకి ఆపారు. అక్కడినుంచి రోడ్డు బాగులేదు.

"టీ.ఏ. ఎలా వస్తుందండి సార్, ఏళ్లకి?" అనడిగాడు పైడిరాజు.

"కిలోమీటర్లకే ఇస్తారు," అన్నాడు రామజోగి. "ఏళ్లు మన సొంతానివి."

మధ్యాహ్నానికి బస్సు ఒక కాలవగట్టు మీద దించింది. రెండు పెద్ద నదుల మధ్య చదునైన నేల, కనుచూపు మేర బార్లీ చేలు, గట్ల వెంబడి రెల్లు. ఊరంతా మట్టి ఇటుకల ఇళ్లు. ఊరి మధ్యన అన్నిటికంటే ఎత్తుగా ధాన్యపు గిడ్డంగి. భాషతో సమస్య రాలేదు. విచారణాధికారి ఏ యాసలో పుట్టాడో ఆ యాసలోనే నిందితులు సమాధానం చెప్పాలని శాఖ ఉత్తర్వు ఒకటి ఉంది. రామజోగిది గరివిడి దగ్గర పల్లె. అందుచేత ఊళ్లోవాళ్లందరూ ఆ మాటే మాట్లాడారు, రాసుకోవడం వచ్చిన ఒక్కరు తప్ప.

నిందితురాలి ఇల్లు కాలవ మలుపులో ఉంది. లోపల మోకాలెత్తు కుండ ఒకటి, దాని చుట్టూ కాలవ తవ్వే కూలీలు ఐదుగురు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అయిదుగురి నోళ్లలోనూ అయిదు పొడవాటి రెల్లుగొట్టాలు, వాటి రెండో కొసలన్నీ కుండలో. పైన పొట్టు తేలుతుంటే కిందినుంచి పీల్చుకుంటున్నారు. ఒకడేదో అన్నాడు, మిగతా నలుగురూ గొట్టాలు వదిలేసి పొట్టలు పట్టుకుని నవ్వారు. రామజోగి ముందు గొట్టాలు లెక్కపెట్టి రాసుకున్నాడు. తరవాత, చేతులు పిండితో తెల్లబడ్డ నలభయ్యేళ్ల ఆవిడను పిలిచాడు.

"నువ్వేనా గెమే?"

"నానే బాబూ. కూకోండి. ఎండన పడి వచ్చినారు."

"కూచోడానికి రాలేదమ్మా. నీమీద ఫిర్యాదు ఉంది. ఈ ద్రవపదార్థం నువ్వు తయారుచేసినట్టు ఒప్పుకుంటావా?"

గెమే కుండవైపు చూసింది. "నానేటీ సెయ్యనేదు బాబూ. ఒగ్గీసినాను. అదే అయిపోనాది."

ఇటువంటి సమాధానం రామజోగి ఎన్నో గూడేల్లో విన్నాడు. కాని ఈవిడ విషయంలో అది నిజమేనని కాసేపటికి తెలిసింది. ఎనిమిది నెలల కిందట ఇంటి కప్పు కారి బార్లీ గింజలు తడిసి మొలకలెత్తాయి. పారెయ్యబుద్ధి కాక ఎండబెట్టి, తిరగట్లో విసిరి, రొట్టెలు కాల్చింది. ఆ రొట్టెలు కుండలో నీళ్లలో నానబెట్టి అంబలి కాద్దామనుకునేసరికి గట్టు తెగిందని కబురు వచ్చింది. ఆమె మొగుడు ఆ గట్టు దగ్గరే పనిలో ఉన్నాడు. ఉన్నపళంగా పరిగెత్తింది. నాలుగు రోజులు బురదలో వెతికితే ఐదోరోజున మనిషి దొరికాడు, కాలు విరిగి, ఒంట్లో సత్తువ లేకుండా. ఇంటికి మోసుకొచ్చి చూస్తే కుండ బుసబుసమంటోంది.

"పాడైపోనాదనుకున్నాను బాబూ. పారబోద్దునా అంటే ఇంట్లో ఇంకేటీ నేదు. ఆయనే ఇలాగియ్యు అని తాగీసినాడు. మా బుల్లిది పోయి అప్పటికి ఏడాది. ఆ ఏడాదీ ఆ మనిషి పెదివి ఇప్పనేదు. తాగిన కాసేపటికి నవ్వినాడు. దేనికి నవ్వినాడో ఆయనకే తెలవదు. వీదిలో నవ్వు ఇనపడితే ఏటయిందోనని జనం వొచ్చీసినారు. వొచ్చినోలు ఎల్లనేదు. అప్పుటినించీ వొస్తానే ఉన్నారు."

"మీ ఆయనెక్కడ?"

"మల్లీ వానకి గట్టు తెగినాది బాబూ," అంది గెమే. చేతులకున్న పిండి దులుపుకుంది.

కాగితం దగ్గర పని ఆగిపోయింది. ఏడో గడి: ఉత్పత్తిదారుని పేరు. 'అదే అయిపోయింది' అని రాయడానికి వీల్లేదు. ఎవరో ఒకరు చేసి ఉండాలి. గింజలు ఆవిడవి, కుండ ఆవిడది, కాని పులియబెట్టింది ఆవిడ కాదు. ఆ నాలుగు రోజులూ ఆవిడ బురదలో ఉన్నట్టు సాక్షులున్నారు. ఇల్లు తాళం వేసి లేదు, కుండకి మూత లేదు. లోపలికి వచ్చింది ఎవరు?

"గాలండి సార్," అన్నాడు పైడిరాజు.

రామజోగి ఆలోచించాడు. ఎక్కడా తప్పు కనిపించలేదు. ఏడో గడిలో 'గాలి' అని రాసి, తండ్రి పేరు దగ్గర 'తెలియదు' అని, నివాసం దగ్గర 'స్థిరంగా లేదు' అని రాశాడు. ఇద్దరు మధ్యవర్తుల సమక్షంలో గదిలోని గాలిని ఒక సీసాలో పట్టి, లక్క ముద్ర వేశాడు. గాలికి నోటీసు రాయించి, తీసుకోవడానికి నిందితుడు చేతికి చిక్కలేదు కనుక, గోడకి అంటించాడు. మూడు రోజుల్లోగా హాజరై సంజాయిషీ ఇచ్చుకోవాలని అందులో ఉంది. అంటించిన కాసేపటికే కాగితం ఎగిరిపోయింది. నిందితుడు నోటీసు స్వయంగా తీసుకున్నట్టు పైడిరాజు నమోదు చేశాడు.

గడువు ముగిసేదాకా ఆ ఊళ్లోనే ఉండక తప్పలేదు. రెండోరోజుకి పైడిరాజు కాలవనీళ్లు తాగి కడుపు జాడించి, గెమే ఇంటి అరుగు మీద ముడుచుకుని పడుకున్నాడు. ఆ నీళ్లు ఊళ్లో ఎవరికీ పడవట. పులిసిన సరుకు గనక, కుండలోది తాగినవాళ్లకి మాత్రం ఏమీ కావడం లేదట. గెమే అతనికి గిన్నెడు పట్టించింది. సాయంత్రానికి లేచి కూర్చున్నాడు. కూర్చుని, పదకొండేళ్లుగా తనకి ప్రమోషను ఎందుకు రాలేదో మొట్టమొదటిసారి పైకి అడిగాడు. ఆ కాగితం రామజోగి బల్లమీదే ఆగి ఉంది మరి.

మూడోరోజు మధ్యాహ్నం నమూనా పరీక్ష కింద రామజోగి స్వయంగా రుచి చూశాడు. పరీక్షించవలసింది ప్రయోగశాల, కాని దాన్ని కట్టడానికి ఇంకా నాలుగువేల తొమ్మిదివందల ఏళ్లు పడుతుంది. గొట్టం నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పుల్లగా, చద్దన్నపు తరవాణిలా ఉంది. రెండోసారి పీల్చాక రొట్టె వాసన తెలిసింది. మూడోసారి పీల్చాక పక్కనున్న కూలీ భుజం తన భుజానికి ఆనుకుని ఉన్నట్టు తెలిసింది, అది అలాగే ఉంటే బాగుండుననిపించింది.

"ఏటి బాబూ, నవ్వుతున్నారు?" అంది గెమే.

"నవ్వట్లేదమ్మా. పరీక్షిస్తున్నాను," అన్నాడు రామజోగి. తరవాత కొంతసేపటికి, ఎవరూ అడక్కుండానే, "పోలమ్మ," అన్నాడు. "సీతంపేట అవతల గూడెం. గోరింటాకు పెట్టుకుని ఉంది ఆ రోజు. కుండ పగిలాక ముక్కలు ఏరుకుంది." ఇంకో రెండు పేర్లు కూడా చెప్పాడు. గెమే వింటూ పిండి కలుపుకుంది.

కుండ చుట్టూ ఉన్నవాళ్లు అప్పటికి వేరే మాటలో పడ్డారు. కాలవ తవ్వింది తాము కదా, నీళ్లు ముందు గిడ్డంగి పొలాలకే ఎందుకు పోతున్నాయని ఒకడు అడిగాడు. అవును, ఎందుకు, అన్నారు మిగతావాళ్లు. రేపు నలుగురం వెళ్లి అడుగుదామనుకున్నారు. రామజోగికి అప్పుడు గుర్తొచ్చింది, పలకమీద ఫిర్యాదులో సగం ఇదే ఉంది. ఫిర్యాది పేరు ఉరుకల్. గిడ్డంగి లేఖరి.

సాయంత్రమైనా గాలి హాజరు కాలేదు. ఏకపక్షంగా తీర్పు ఇవ్వవలసి వచ్చింది. అనుమతి లేని సరుకు ధ్వంసం చెయ్యాలి. రామజోగి కర్ర తీసుకుని కుండ ముందు నిలబడ్డాడు. కూలీలు గొట్టాలు బయటికి తీసుకుని పక్కకి జరిగారు. గెమే అడ్డు రాలేదు. చేతులు కడుక్కుని వచ్చి, కుండ పక్కన, గూడేల్లో ఆడవాళ్లు నిలబడ్డట్టే నిలబడింది. చోటు తెలుసు, నాలుగు వేళ్ల కింద. కర్ర లేవలేదు. ఇదివరకెప్పుడూ ఇలా జరగలేదు గనక ఏం చెయ్యాలో తోచక, రామజోగి బయటికి వచ్చి సూపరింటెండెంటుకి ఫోను చేశాడు. అక్కడ ఇంకెవరికీ ఫోను లేకపోవడంతో సిగ్నలు చక్కగా ఉంది.

"ఏంటీ, పగలగొడతావా?" అన్నాడు సూపరింటెండెంటు. "మతి ఉందా రామజోగీ? అది పగిలితే బీరు లేదు. బీరు లేకపోతే మనం లేం. ఈ ఆఫీసు బిల్డింగు, నీ జీతం, నా జీపు, ఆసుపత్రికి మంచాలు, బడికి బెంచీలు, ముసలాళ్ల పింఛను, అన్నీ ఆ కుండలోంచి రావలసినవేనయ్యా. కర్ర కింద పెట్టు ముందు."

"పెట్టేశానండి. అయితే ఆవిడకి లైసెన్సు ఇచ్చేద్దామా?"

"రూల్సు చూసి ఇవ్వు."

రూల్సు చూశాడు. దరఖాస్తుదారుకి బీరు తయారీలో మూడేళ్ల అనుభవం ఉండాలి. గెమేకి ఎనిమిది నెలలే. ప్రపంచంలో ఇంకెవరికీ అది కూడా లేదు.

సరిగ్గా అప్పుడే ఉరుకల్ వచ్చాడు. సన్నటి మనిషి, గుండు, నడుముకి ఉన్ని వస్త్రం, చెవిలో రెల్లు కలం. చాలా మర్యాదస్తుడు. రామజోగికి నమస్కారం పెట్టి, తన పేర పదేళ్ల అనుభవ ధ్రువపత్రం చేతికిచ్చాడు. పలక ఇంకా తడిగానే ఉంది. అందుకోగానే రామజోగి బొటనవేలు దానిమీద దిగబడింది.

"మీ ఆమోదముద్ర పడినందుకు ధన్యవాదాలు," అన్నాడు ఉరుకల్.

ఆ తరవాత అంతా చకచకా సాగింది. లైసెన్సుతోపాటు కుండా, అది ఉన్న ఇల్లూ గిడ్డంగి స్వాధీనమయ్యాయి. నిబంధనలు ఉరుకలే తయారుచేసి తెచ్చాడు, పదకొండు పలకలు. ఒక కుండ చుట్టూ అయిదుగురు కూర్చోవడం గుంపు కట్టడం కిందికి వస్తుంది కాబట్టి గొట్టాలు నిషిద్ధం. ఎవరి చిప్ప వారిది. నిలబడి తాగాలి, తాగాక కదలాలి. కూలీలకి ఇకమీదట కూలి కింద బార్లీ బదులు రోజుకి రెండు చిప్పలు. కుండమీద, ఇది ఆరోగ్యానికి చేటు అని అందరికీ కనిపించేలా చెక్కాలి. కొలత తగ్గించి పోసిన ఆడమనిషిని నదిలో పారెయ్యాలి.

"ఆడమనిషినేనా?" అనడిగాడు రామజోగి. "గిడ్డంగివాళ్లు తగ్గిస్తే?"

"గిడ్డంగి కొలతే కొలతండి," అన్నాడు ఉరుకల్ ఓపిగ్గా. "అది తగ్గదు. తగ్గితే కొలతే అంత అని అర్థం."

"నదిలో పారెయ్యడం మరీ..."

"నది దగ్గరే కదండీ. దూరాభారం లేదు."

గెమేని కాంట్రాక్టు పద్ధతి మీద ఆమె ఇంట్లోనే కుండ సంరక్షకురాలిగా వేశారు. నియామకపు పలకమీద ముద్ర వెయ్యడానికి ముందు ఆమె రామజోగినే అడిగింది.

"సర్కారీ ఉద్దోగమేనా బాబూ?"

"అలాంటిదేనమ్మా. ఏటా పొడిగిస్తారు."

"కుండ ఎవులిదని ఎవులైనా అడిగితే ఏటని సెప్పమంటారు?"

"గిడ్డంగిదని."

"కనిపెట్టింది?"

రామజోగి కాగితం తీశాడు. కనిపెట్టినవారి పేరుకి గడి లేదు. అట్టడుగున రిమార్కుల గడి ఖాళీగా ఉంది. ముప్పై ఏళ్లలో దాంట్లో ఆయన ఒక్క అక్షరమూ రాసి ఎరగడు. ఇప్పుడు, నిలబడే, స్పష్టంగా రాశాడు: 'దీనిని కనిపెట్టినది గెమే. కాలవ మలుపులో ఇల్లు. గట్టు దగ్గర మొగుణ్ణి వెతుక్కోవడానికి పోయిన నాలుగు రోజుల్లో.' రాసింది ఆమెకి చదివి వినిపించాడు. ఆమె ఇంకోసారి చదవమంది. చదివాడు. "సరే బాబూ," అని ముద్ర వేసింది.

ఉరుకల్ కాగితం తీసుకుని, పలకమీదికి ఎత్తి రాయడం మొదలుపెట్టాడు. మేకు తరవాత మేకు, చక్కని దస్తూరి. చివరికొచ్చాక కలం తుడిచి చెవిలో పెట్టుకున్నాడు.

"రిమార్కులు రాయలేదేం?" అన్నాడు రామజోగి.

"శుద్ధప్రతిలో రిమార్కుల గడి ఉండదు కదండీ," అన్నాడు ఉరుకల్. అది నిజమే. రామజోగి ఆఫీసులోనూ ఉండదు. చిత్తుప్రతిని ఏం చేస్తారని అడిగితే, శుద్ధప్రతి ఆరాక చిత్తు నానబెట్టేస్తామని చెప్పాడు. ఇది కాగితం, మట్టి కాదన్నాడు రామజోగి. నానుతుందండీ, అని ఉరుకల్ భరోసా ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్న గెమే తన ఇంటికి డ్యూటీకి వచ్చింది. రాత్రి చుట్టాలింట్లో తలదాచుకుందట. లేఖరి వచ్చి తలుపు తీసేదాకా గుమ్మం బయట నిలబడి, తీశాక రెండు చేతులూ జోడించి లోపలికి వెళ్లింది.

తిరుగు బస్సు సాయంత్రానికి గాని రాదన్నారు. పైడిరాజు కాలవగట్టు మీద కూర్చుని ఉన్నాడు. ప్రమోషను మాట మళ్లీ ఎత్తలేదు. పొద్దు వాలేవేళకి కూలీలు పని దిగి, గెమే ఇంటి ముందు వరస కట్టారు. వరస కాలవ వెంబడి సాగి, మలుపు తిరిగి, గిడ్డంగి గోడదాకా పోయింది. ఎవరి చిప్ప వాళ్ల చేతిలో ఉంది. గోడకి అవతల ఆడవాళ్లు కొందరు ఖాళీ చేటలతో నిలబడి ఉన్నారు. బార్లీ ఈ రోజు నుంచి లేదని వాళ్లకి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. లోపల గెమే తలెత్తకుండా, కొలతపాత్ర అంచు దాకా పోసి, ఒలకకుండా వంచుతోంది. లోపలికి వెళ్లినవాళ్లు నిలబడి తాగి, రెండో తలుపులోంచి ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు.

రామజోగి కూడా వరసలో నిలబడ్డాడు. ఎందుకో ఆయనకే సరిగా తెలియదు. ముందున్నవాడు వెనక్కి తిరిగి చూసి గుర్తుపట్టాడు. నిన్న భుజం ఆనించి కూర్చున్న కూలీయే.

"నీళ్ల సంగతి అడుగుదామన్నారు కదా," అన్నాడు రామజోగి. "వెళ్లి అడిగారా?"

"ఎల్లినాం బాబూ. ముందు ఇది తాగండి, తరవాత మాటాడుదాం అన్నాడు లేఖరి. తాగినాం."

"తరవాత?"

కూలీ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. చిప్పవైపు చూశాడు, కాలవవైపు చూశాడు. నుదురు ముడిపడి, మెల్లగా విప్పుకుంది.

"తరవాత ఏటడగాలో గేపకం రానేదు బాబూ," అన్నాడు సిగ్గుపడుతూ. "మీ ఊల్లో ఎలాగుంటాది?"

"మా ఊళ్లోనూ అంతేనయ్యా," అన్నాడు రామజోగి, ఓదార్పుగా. వరస ఒక అడుగు ముందుకి జరిగింది. ఆయనా జరిగాడు.